ఎడమ చెవి ఎలుకలు

బీరమ్మ ఎలుకలను కూడా గొర్రెల్లాగే అదిలించేది. "హేయ్, బిర్రుగ తిన్నవ్ గదనే! మల్ల దాని నోటికాడిది గుంజుకుంటవా?" అంటూ పంజరాన్ని వేలితో తట్టేది. ఎలుకకు ఏం అర్థమయ్యేదో గానీ, గింజ వదిలేసి మూలకు పోయి కూర్చునేది. ఆ పరిశోధనశాలలో పెద్ద చదువులు చదివినవాళ్లు పన్నెండు మంది ఉన్నా, ఎలుకలు మాట వినేది మాత్రం ఏడో తరగతిలో బడి మానేసిన బీరమ్మదే.

నల్లమల అంచున ఆ శాల వెలిసి ఆరేళ్లయింది. అంతకు రెండేళ్ల ముందు, అంటే రెండువేల ముప్పై మూడులో, అడవిలో గుట్టజ్వరం పుట్టింది. నెత్తురు తాగే పిడుదు పురుగు పట్టిన మూడో రోజుకు ఒళ్లు కాలిపోతుంది. అయిదో రోజుకు చిగుళ్ల నుంచి నెత్తురు కారుతుంది. ఆ తర్వాత పదిమందిలో ముగ్గురు మిగలరు. ఆ రోగాన్ని తెలుసుకోవాలంటే పిడుదులను పెంచాలి, ఎలుకల మీద వదలాలి, వాటి నోరు తెగకుండా మళ్లీ ఊడదీయాలి. ఈ పనికని పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్లు వారం తిరక్కుండా మాయమయ్యారు. కురుమల ఇంట పుట్టి, నడక నేర్చిన నాటి నుంచి గొర్రెల చెవుల్లో పిడుదులు ఏరిన బీరమ్మకు అది వెన్నతో పెట్టిన విద్య.

శాలకు పెద్ద డాక్టర్ హిమబిందు. గుంటూరు వైపు మనిషి. మాట తక్కువ, టీ ఎక్కువ. మిణుగురు నుంచి తీసిన వెలుగును ఆమె గుట్టజ్వరం వైరస్‌కు అతికించింది. వైరస్ ఎక్కడ పెరిగితే ఎలుక ఒంట్లో అక్కడ వెలుగుతుంది. మామూలు కంటికి కనిపించదు. చీకటిపెట్టెలో పెట్టి, ఆమె తయారుచేయించిన కెమెరాతో చూస్తే ఒక్కొక్క కణమూ నడుస్తున్నట్టు తెర మీద తెలుస్తుంది.

మొదటిసారి ఆ తెర ముందు నిలబడిన రోజు బీరమ్మకు బాగా గుర్తు. ఎలుక వెనక కాలి మీద పిడుదు పట్టిన చోట ఆవగింజంత వెలుగు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి అది గజ్జల్లో ఉంది.

"ఇదేంది మేడం, కాలి మీదున్న సుక్క గజ్జలకెట్ల పోయింది?"

"మోసుకుపోయారు."

"ఎవలు?"

"కాపలావాళ్లే," అంది హిమబిందు. "చర్మంలో కాపలా కణాలుంటాయి బీరమ్మా. దొంగ కనపడగానే పట్టుకుని గజ్జల్లో బిళ్ల దగ్గరికి తీసుకెళ్తాయి, పైవాళ్లకు చూపించడానికి. ఈ దొంగ వాళ్ల భుజమెక్కి వెళ్తున్నాడు."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే కాబోలు అనుకుంది బీరమ్మ. బిళ్లలో ఆ వెలుగు ఒకటిన్నర రోజు బుద్ధిగా కూర్చుంది. లోపల్లోపల పెరిగింది. ఆ తర్వాత చెరువుకట్ట తెగినట్టు ఒక్కసారిగా నెత్తురులో పడి ప్లీహానికి, కాలేయానికి, చివరికి మెదడుకు పాకింది. మనుషుల్లోనైతే బిళ్లలో ఉండే గడువు రెండు రోజులు.

"అట్లయితే ఆ బిళ్ల దొడ్డి అన్నట్టు," అంది బీరమ్మ. "లోపలికొచ్చినంక తడిక మూసేస్తే అయిపోతది గద? బయటికెట్ల పోతది?"

హిమబిందు టీ కప్పు కింద పెట్టింది. సరిగ్గా ఆ పని చేసే మందు కోసమే ఆమె రెండేళ్లుగా తంటాలు పడుతోంది. బిళ్ల నుంచి బయటికి పోయే దారిని నాలుగు రోజులు మూసి ఉంచే మందు. ఆ నాలుగు రోజుల్లో ఒంట్లో సైన్యం దొంగ ముఖం గుర్తుపట్టి, అక్కడే పని ముగిస్తుంది. "నా రెండేళ్ల తిప్పలు మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు," అని హిమబిందు నవ్వింది. ఆ రోజు నుంచి శాలలో ఆ మందు పేరు తడిక అయింది. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరొకటి ఉన్నా, పట్నంలోని పెద్దసారు సైతం ఫోన్‌లో తడికనే అడిగేవాడు.

తడికను ముందు అరవై మంది ఆరోగ్యవంతులకు ఇచ్చి చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇక మిగిలింది ఒక్కటే, చివరి ఎలుకల పరీక్ష. అంతకుముందులా సూదితో వైరస్ ఎక్కించడం కాదు. నిజమైన పిడుదులతోనే, అడవిలో జరిగినట్టే జరగాలి. నలభై ఎలుకలు. ఎడమ చెవికి రంధ్రం చేసిన ఇరవైకి మందు, కుడి చెవికి చేసిన ఇరవైకి ఉప్పునీళ్లు. ఏ ఎలుకకు ఏ సూది పడుతోందో ఫలితం చూసేవాళ్లు చూడకూడదని నియమం. అందుకే హిమబిందు ఆ గదిలోకి అడుగు పెట్టదు. చెవులకు రంధ్రాలు చేసి సూదులు వేసే పని ఎప్పుడూ శాల టెక్నీషియన్ రఫీది. ఆ వారం రఫీ బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. హిమబిందు చీటీ రాసి కవరులో పెట్టి బీరమ్మకు ఇచ్చింది. బీరమ్మ చదివింది, నలభైకీ రంధ్రాలు చేసింది, సూదులు వేసింది. ఒక్క ఎలుకా కిచకిచమనలేదు.

తొమ్మిదో రోజుకు ఎడమ చెవి ఎలుకల్లో పందొమ్మిది చచ్చిపోయాయి. కుడి చెవివాటిలో చచ్చినవి రెండే.

గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందంటారు. ఎలుకలూ అంతే. చివరిదాకా బీరమ్మ వేలు కనపడితే చాలు, కాళ్లు ఈడ్చుకుంటూ ముందుకు వచ్చేవి. చెవులు చూసి చచ్చినవాటి లెక్క రాసుకున్నది వేరేవాళ్లు; ఆమె ఏడ్చింది. పైవాళ్లు మాత్రం ఏడవలేదు, కాగితం పంపారు. తడిక మందు కాదు, విషం, తక్షణం ఆపండి అని. ఉప్పునీళ్ల ఎలుకలు అన్ని ఎలా బతికాయని ఒకరిద్దరు అడిగారు గానీ, పిడుదు ఎక్కించే వైరస్ సూదికంటే తక్కువ కదా, వాటంతటవే కోలుకుని ఉంటాయని సర్దిచెప్పుకున్నారు. హిమబిందు కూడా అదే నమ్మింది. ఆమె ముందు పెట్టిన టీలు తొరక కట్టి అలాగే ఉండిపోయేవి.

ఆ తర్వాత ఏడు వారాల్లో గుట్టజ్వరం ఇద్దరిని తీసుకుపోయింది. ఒకరు ఎవరో లారీ డ్రైవరు. రెండోవాడు చెంచుగూడెం గురవయ్య. శాలకు తేనె తెచ్చి ఇచ్చేవాడు, బీరమ్మను అక్కా అని పిలిచేవాడు. పిడుదు పట్టిన రోజే వచ్చి చూపించాడు. ఇవ్వడానికి శాలలో ఏమీ లేదు. తడిక మాత్రం ఫ్రీజర్‌లో నిండుగా ఉంది.

ఎనిమిదో వారంలో, ఒక బుధవారం పొద్దున బీరమ్మ ఫోను మోగింది. అల్లుడు సాయిలు.

"అత్తమ్మా, మంజులకు పిడుదు పట్టింది. నిన్న పొద్దుగాల్ల పది గంటలప్పుడు పట్టినట్టున్నది. మోకాలు ఎన్క ఉంటే సూసుకోలే. ఇప్పుడు గజ్జల బిళ్ల గట్టింది."

బీరమ్మకున్నది ఒక్కతే కూతురు. కూతురూ అల్లుడూ రెండు వందల గొర్రెలతో ఆ నెలంతా అడవి కింది బీళ్లలో మంద వేసి ఉన్నారు. హిమబిందు ఇంకేం అడగకుండా జీపు తాళాలు అందుకుంది.

మంద దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది. మంజుల గొంగడి మీద కూర్చుని ఉంది. జ్వరం లేదు, బెదురు మాత్రం ఉంది. బీరమ్మ కూతురి కాలు ఒళ్లో పెట్టుకుని, చింతగింజంత ఉబ్బిన పిడుదును నోరు తెగకుండా ఊడదీసి గాజుగొట్టంలో వేసింది. ఎన్ని వందలు తీసిందో ఈ ఆరేళ్లలో. ఈ ఒక్కదాన్ని వేశాక గొట్టం మూత రెండుసార్లు బిగించింది.

"ఇది ఏ గొర్రె మీది నుంచి వచ్చి ఉంటుంది? దాని మీద ఇంకా ఉంటే అవీ కావాలి," అంది హిమబిందు.

"మొన్న నేను పిడుదులు ఏరింది ఆ నల్లగొర్రెకే మేడం. ఎడమ చెవి కోసి ఉంటది సూడుండ్రి," అంది మంజుల.

హిమబిందు చీర కొంగు దోపుకుని మందలోకి నడిచింది. ఆమెకు గొర్రెలను పట్టడం కొత్త. రెండుసార్లు జారిపోయాక ఒక నల్లగొర్రెను మెడ పట్టుకుని ఈడ్చుకొచ్చింది. దాన్ని చూసి సాయిలుకు అంత కష్టంలోనూ నవ్వొచ్చింది.

"అది గాదు మేడం, అది కుడి చెవిది. ఎడమ చెవిది ఇగో," అని ఇంకో నల్లగొర్రెను ఎత్తుకొచ్చి నిలబెట్టాడు.

హిమబిందు దాని చెవి పట్టుకుని చూసింది. "ఇది కుడి చెవి కదయ్యా."

"మీకు కుడి మేడం. మాకు ఎడమే. దొడ్డి తడిక కాడ నిలబడి లెక్క పెడతం గద, గొర్లు మన మొఖానికే వస్తయి. మన ఎడమచేతి దిక్కు ఏ చెవి ఉంటే అది ఎడమ చెవి. మా తాతల కాడికెల్లి గంతే. లెక్క పెట్టేటోని చెయ్యే లెక్క, గొర్రెదేంది?"

హిమబిందు కూడా నవ్వింది. నవ్వుతూ బీరమ్మ వైపు తిరిగింది. బీరమ్మ నవ్వడం లేదు. గాజుగొట్టం పిడికిట్లో పట్టుకుని నిలబడిపోయింది. ఆమె కళ్లముందు ఎలుకలున్నాయి. నలభై ఎలుకలు. ఒక్కొక్కదాన్నీ మెడ మీద పట్టి, ముఖం తన వైపు తిప్పుకుని, ఎడమచేతి దిక్కున ఉన్న చెవికి రంధ్రం చేసినవాటికి మందు సూది, కుడిచేతి దిక్కువాటికి ఉప్పునీళ్ల సూది వేసింది.

నోరు తెరిస్తే గురవయ్య చావు తన మెడకు చుట్టుకుంటుందని ఆమెకు అప్పటికప్పుడే తెలిసింది. నోరు మూస్తే కూతురు పోతుంది. అందుకని పెద్దగా ఆలోచించలేదు. కానీ ఆ గొంగడి మీద కూర్చున్నది ఇంకెవరి కూతురో అయితే చెప్పేదాన్నా అన్న మాట మాత్రం ముల్లులా దిగింది.

"మేడం," అంది. "తప్పు జరిగింది. ఎలుకలకు నేను గూడ గిట్లనే కోసిన."

హిమబిందుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గొర్రెను వదిలేసి అక్కడే గడ్డిలో చతికిలబడింది. "అంటే మనం మందు పడిందనుకున్నవి..."

"వాటికి ఉప్పునీళ్లే పడ్డయి. చచ్చినయన్ని ఉప్పునీళ్లవే. మందు పడ్డయి బతికినయి," అంది బీరమ్మ. "గురవయ్యకు తడిక ఇయ్యలేదు మేడం మనం. ఉండి ఇయ్యలేదు."

మంజులను జీపు ఎక్కించి శాలకు వచ్చారు. పిడుదును మిషన్‌లో పెడితే గంటకల్లా తెలిసింది, అందులో గుట్టజ్వరం ఉంది. ఇక బీరమ్మ మాట నిజమో కాదో తేలాలి. మాట మీద మనిషికి మందు ఇవ్వలేరు. అదృష్టం బాగుండి చచ్చిన ఎలుకలవీ, పరీక్ష ముగిశాక కోసిన మిగతావాటివీ కాలేయం ముక్కలు ఫ్రీజర్‌లో నంబర్లతో సహా ఉన్నాయి. మందు పడిన కాలేయంలో దాని జాడ నెలలైనా పోదు. రఫీ కట్టు విప్పిన చేత్తోనే ముక్కలు కరిగించాడు. బీరమ్మ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుంది. తన తప్పు నిజమే అయి ఉండాలని మొక్కుకోవడం ఆమెకు జన్మలో అదే మొదటిసారి.

నాలుగున్నరకు కాగితం వచ్చింది. మందు పడిందని రాసుకున్న చచ్చిన ఎలుకల్లో మందు జాడ సున్నా. ఉప్పునీళ్లు పడ్డాయని రాసుకున్న ఎలుకలన్నిటిలోనూ ఉంది. ఇరవైలో పద్దెనిమిదింటిని తడిక కాపాడింది.

హిమబిందు అనుమతి కమిటీకి ఫోన్ కలిపింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అడగడానికి ఒక దారి ఉంది. అయిదుగురూ తెర మీదికి వచ్చారు. హిమబిందు చెప్పింది విన్నాక, వాళ్లలో పెద్దాయన బీరమ్మను పిలవమన్నాడు.

"అమ్మా, ఆ రోజు నువ్వు అట్లాగే కోశావని గట్టిగా చెప్పగలవా?"

"చెప్త సార్. నాకు ఇంకోతీరు కోసుడు రాదు."

"నీ కూతురికి ఇవ్వాలని చెప్పడం లేదు కదా?"

బీరమ్మ తెర వైపు తిన్నగా చూసింది. "నా బిడ్డకు ఇయ్యాల్ననే చెప్తున్న. అబద్ధమైతే చచ్చేది నా బిడ్డనే గద సార్, నేనెందుకు అబద్ధం చెప్త? ఏడు వారాలకెల్లి ఇద్దరు పోయిన్రు. వాళ్ల పాపం నాది. ఆ పాపం నెత్తికెత్తుకోనీకె ఎవలన్న అబద్ధం చెప్తరా?"

"పాపం మీ ఒక్కరిదే కాదు," అంది హిమబిందు వెనక నుంచి. "ఎడమ అని రాసిచ్చి, ఎవరి ఎడమో అడగనిది నేను. ఉప్పునీళ్ల ఎలుకలు అన్ని బతికితే మళ్లీ చేసి చూడాల్సింది నేను. ఇది కాగితం మీద నా పేరుతోనే ఉండాలి సార్."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మిగతా నలుగురినీ అడిగి, సరే అన్నాడు.

సూది చేతికి తీసుకునే ముందు హిమబిందు మంజులకు అంతా విడమరిచి చెప్పింది. ఏది తెలుసో, ఏది తెలియదో కూడా చెప్పింది. మనుషుల్లో రోగం మీద ఇదే మొదటిసారి అంది. మంజుల అంతా విని తల్లి వైపు తిరిగింది.

"నీకు నమ్మకమున్నదా అవ్వా?"

"ఉన్నది బిడ్డా."

"అయితే ఎయ్యమను."

పిడుదు పట్టి అప్పటికి ముప్పై రెండు గంటలు.

మూడో రోజు జ్వరం రావాలి. బీరమ్మ గంటగంటకూ కూతురి నుదురు ముట్టుకుంది. చివరికి మంజుల విసుక్కుని, "నన్ను ముట్టి ముట్టి నువ్వే కాక పుట్టిస్తున్నవ్, జరంత ఆగు," అంది. నుదురు వెచ్చబడలేదు. నాలుగో రోజు గజ్జల్లో బిళ్ల నిమ్మకాయంత అయి సలిపింది. దొడ్డిలో కొట్లాట జరుగుతోంది, జరగనివ్వండి అంది హిమబిందు. పైకి ధీమాగా అని, పక్క గదిలోకి పోయి గోడకు ఆనుకుని కళ్లు మూసుకోవడం బీరమ్మ చూసింది. రోజుకు రెండుసార్లు నెత్తురు తీశారు. ఒక్కసారి కూడా అందులో వైరస్ కనపడలేదు. ఏడో రోజు బిళ్ల మెత్తబడింది. తొమ్మిదో రోజు మంజుల, ఈ చప్పిడి కూడు తినలేను, గొర్లు ఎట్లున్నయో ఏమో, నన్ను పంపుతరా పారిపోవాల్నా అని అడిగింది. బీరమ్మ కూతురి తల గుండెకు అదుముకుని గట్టిగా ఏడ్చింది. ఈసారి ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

తడికకు మళ్లీ అనుమతి వచ్చింది. పిడుదు పట్టి రెండు రోజులు దాటనివాళ్లకు, వాళ్లు ఒప్పుకుంటే ఇవ్వవచ్చు. శాలలో లడ్డూలు పంచారు. బీరమ్మ తన వాటా కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?" అని అడిగింది హిమబిందు.

"గురవయ్య ఇంటికి."

"నేనూ వస్తాను."

"మీరు రేపు పోండ్రి మేడం. ఇయ్యాల నేను పోవాలె."

చెంచుగూడెంలో గురవయ్య భార్య ఈదమ్మ గుడిసె ముందు కూర్చుని చీపుళ్లు కడుతోంది. లడ్డూ పొట్లం చూసి, ఏం సంగతి అన్నట్టు తలెత్తింది. బీరమ్మ కూర్చోలేదు. దారంతా ఏవేవో మాటలు కూడబెట్టుకుని వచ్చింది. అవేవీ నోటికి రాలేదు. చెవుల సంగతి, సూదుల సంగతి, ఫ్రీజర్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీ పెనిమిటి వచ్చిననాడు ఆ మందు మా కాడ ఉండె ఈదమ్మా. నా చేతుల జరిగిన తప్పుకు ఇయ్యకపోతిమి. నా బిడ్డకు పట్టినంకనే నాకు తెలిసింది. నా బిడ్డ బతికింది."

ఈదమ్మ చేతిలో చీపురు కట్ట అలాగే ఉంది. బీరమ్మ తిట్టుకు సిద్ధపడే వచ్చింది. కొడితే పడదామని కూడా అనుకుంది. ఈదమ్మ ఆ రెండూ చేయలేదు.

"నాకు పిల్లలు చిన్నోళ్లు," అంది ఈదమ్మ చివరికి. "నువ్వు జెప్పినవని ఆయన తిరిగి రాడు. నువ్వు జెప్పకపోయినా రాడు."

"రాడు."

"మల్ల ఎందుకొచ్చినవ్?"

"నువ్వు తెల్వకుండ ఉండొద్దని."

ఈదమ్మ చీపురు కట్ట పక్కన పెట్టింది. ఎడమ భుజం మీది కొంగు కాస్త తొలగించి చూపించింది. చంక కింద కందినట్టు ఎర్రటి మచ్చ, మధ్యలో చిన్న గాటు.

"నిన్న మాపటేళ పుల్లలకు పోయినప్పుడు పట్టింది. తీసి అవతల పడేసిన," అంది. "ఎవలకు జెప్పలే."

"అయ్యో, ఎందుకు జెప్పలేదు?"

"చెప్తే ఏం జేస్తరు మీరు? ఆయన జెప్పలేదా?"

బీరమ్మ గుడిసె గుమ్మంలోకి చూసింది. లోపల ఇద్దరు పిల్లలు ఒకరి మీద ఒకరు కాళ్లు వేసుకుని నిద్రపోతున్నారు. ఆమె వేళ్ల మీద గంటలు లెక్కపెట్టింది. ఇంకా ఇరవై కూడా కాలేదు, తడికకు గడువు నలభై ఎనిమిది.

"లే ఈదమ్మా, పిల్లల్ని లేపు," అని చెయ్యి చాచింది. "మస్తు యాళ్ల ఉన్నది."

ఈదమ్మ ఆ చేతి వంక కాసేపు చూసి, పట్టుకుని లేచింది.